సగం సాక్ష్యం

పొద్దున్నే పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. ఆత్మకూరులో నర్సుగా చేసే ఏంజెలిన్ సెలవు మీద ఉదయగిరి వచ్చి, వాక్యం చదువుకుందామని అమ్మ బైబిలు తెరిచింది. అందులోంచి నెల్లూరు ఆసుపత్రి చీటీ జారి కిందపడింది.

"ఏందిమా ఇది? పోయిన బుధవారం కీమోకి రమ్మన్నారే. నువ్వు పోలేదా?"

"గడ్డ తీసేసినారు కదా. ఇంకేంది?" అంది రెబెకమ్మ, గరిటె తిప్పుతూనే.

ఈమె మహా తొందర మనిషి లెండి. నెల కిందట అండాశయంలో గడ్డకు ఆపరేషన్ అయింది. కుట్లు ఆరకముందే ఆదివారం చర్చిలో లేచి, ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడని సాక్ష్యం చెప్పేసింది. సంఘమంతా స్తోత్రం అంది. ఆ తర్వాత వచ్చింది బయాప్సీ రిపోర్టు, అది క్యాన్సర్ గడ్డేనని. ఒంటరిగా వెళ్లి తెచ్చుకుని, బాగానే ఉందని మొగుడికి చెప్పి, చీటీని బైబిల్లో పెట్టింది. అక్కడైతే దేవుడికి తప్ప ఎవరికీ కనపడదనుకుంది.

"జుట్టూడిపోయి చర్చికి పోతే ఏమంటారు? దేవుడి ముందర అబద్ధం చెప్పిందంటారు."

ఏంజెలిన్ చీటీ మొత్తం చదివి పొయ్యి పక్కనే కూలబడింది. "అమ్మా, తొలిదశలోనే దొరికింది. మొత్తం తీసినారు. రెండూ మంచివే. కానీ గడ్డ లోపలే పగిలిందంట, కణాలేమో తొందరగా పెరిగే రకం. అందుకే తిరగబెట్టే భయం ఉండాది. ఆరు కీమోలు టయానికి పెట్టించుకుంటే ఆ భయం చానా తగ్గుతాది. ఇట్టాంటోళ్లు ఎక్కువమంది బాగుపడతా ఉండారు."

"నమ్మకం లేదనుకుంటారే."

"అనుకోనీ. నాకు అమ్మ కావాల."

గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న రెబెకమ్మ మొగుడు వరప్రసాదం తలెత్తాడు. ఇరవై ఏళ్లుగా నెల్లూరు బస్సు నడుపుతున్న మనిషి.

"బాగుందంటే నమ్మేసినాను, రిపోర్టు చూడలా. అది నా తప్పు. రెబెకా, సగం దారిలో ఆత్మకూరులో దిగి, నెల్లూరు చేరినామని ఇంటికి ఫోన్ చేసినట్టుండాది నీ పని. బస్సు ఇంకా పోలేదు. ఎక్కు."

రెబెకమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కూతురి తల పొట్టకు అదుముకుని ఏడ్చేసింది. ఉప్మా మాడిపోయింది.

ఆ బుధవారమే మొదటి కీమో అయింది. మూడో ఆదివారానికి జుట్టంతా ఊడింది. చర్చిలో ఆడవాళ్లంతా తలమీద కొంగు కప్పుకునేవాళ్లే, దాచుకోవాలనుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అయినా సాక్ష్యాల వేళ రెబెకమ్మ లేచి, కొంగు కాస్త వెనక్కి జరిపింది.

"పోయిన తూరి సగమే చెప్పినాను. నా వైద్యం అయిపోలా, ఇంకా ఐదు కీమోలుండాయి. దేవుడు డాక్టర్ని చూపిస్తే నేను చీటీ దాచినాను. అంతకుముందు కడుపుబ్బరమని మూడు నెలలు సోడాలు తాగినాను. మీరట్టా చేయబాకండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. రెబెకమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది.

ప్రార్థన ముగిశాక, చర్చిలో పాటలు పాడే లిదియమ్మ చెప్పుల దగ్గరికి వచ్చి చెవిలో అంది. "అక్కా, నాకూ రెండు నెలలుగా కడుపు ఉబ్బరంగా ఉండాది. నేనూ సోడాలే తాగతా ఉండాను. చెప్పాలంటే సిగ్గేసింది."

రెబెకమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"బుధవారం నాతో రా. మా ఆయన బస్సే. కిటికీ సీటు నీకిస్తా."