దుంగల లైను సిగ్నలు

ఈ దీవుల్లో రైలు లేదు. వస్తుందన్న ఆశా లేదు. కానీ రైలు దెయ్యం ఉంది... అదీ మన తెలుగు దెయ్యమే.

దుంగల జెట్టీ పేరెత్తితే ఫీనిక్స్ బే రేవులో బోటువాళ్లు ఇప్పటికీ మాట మారుస్తారు. పొద్దు వాలాక ఆ జెట్టీకి తాడు కట్టరు. దాని వెనక ఒక గుట్ట. గుట్ట మీంచి అడవి దుంగల్ని దించిన చిన్న రైలు పట్టాలు. ఆ పట్టాల పక్కన ఒక సిగ్నల్ స్తంభం.

రెక్క అడ్డంగా, దీపం ఎర్రగా ఉంటే ఆగమని. రెక్క కిందికి వాలి దీపం పచ్చబడితే రమ్మని. ఎండ కాసిన రోజు సాయంత్రం వాన పడితే, ఆ రెక్క దానంతట అదే వాలుతుందట. రమ్మంటుందట... ఎవర్ని? బండి లేదు, డ్రైవరు లేడు, దుంగలిచ్చిన అడవి కూడా సగం లేదు.

వాలుస్తున్నది నూకన్న అంటారు.

నూకన్న శ్రీకాకుళం తీరం నుంచి కూలికొచ్చి, సిగ్నల్ కేబిన్‌లో లివర్ లాగే పనికి కుదిరినవాడు. ఒక వాన సాయంత్రం గుట్ట మీద దుంగల బండి ఆగి ఉంది. కింద అదే పట్టాల మీద, పని దిగిన కూలీలు తోపుడు ట్రాలీ ఎక్కి ఇళ్లకు పోతున్నారు. రెక్క అడ్డంగా ఉండాలి. వాలింది. బండి దిగింది.

తర్వాతది నేను చెప్పను. ఆ చచ్చినవాళ్ల మనవలు అబర్డీన్ బజార్లో రోజూ నాకు ఎదురుపడతారు.

"లివర్ ముట్టుకోలేదు బాబో" అని నూకన్న తల బాదుకున్నాడు. "తాగి లాగావు" అన్నారు లైను నడిపే పెద్దలు. వారం తిరక్కుండా ఖాడీలో, ఆ ఉప్పునీటి పాయలో, శవమై తేలాడు. అప్పట్నుంచి వాన పడ్డప్పుడల్లా వచ్చి లాగుతున్నాడని పేరు పడింది. కొన్నేళ్లకు లైను మూతపడింది, లివర్ నుంచి రెక్కకు పోయే తీగ తుప్పు పట్టి తెగింది. దాంతో దెయ్యమూ రిటైరైంది.

దాన్ని మళ్లీ డ్యూటీలో పెట్టింది మా డైరీ ఫార్మ్ పేట వాలంటీర్లు.

పాత లైనుని మ్యూజియం చేస్తామన్నారు. మంచిదే. మెయిన్‌లాండ్‌లో రైల్వే సిగ్నళ్లు చూసి రిటైరైన ఇంజనీరు గణేశ్వరరావు గారు కమిటీకి పెద్ద. స్కూలు టీచరు పద్మిని, మొబైల్ షాపు రాజ్‌కిరణ్ ఆయన వెనక. ఆదివారం పొద్దుటి బోటుకి పోవడం, తుప్పు గీకడం, రంగు వెయ్యడం, మిట్టమధ్యాహ్నం తీగ బిగించడం, ఆఖరి బోటుకి తిరిగిరావడం. నాకు ఈ కథ చెప్పింది పద్మినే. చెప్పినదంతా ఆమెది. ఇందులో చేదేమైనా తగిలితే అది నాది.

కొత్త తీగ బిగించిన వారమే జెట్టీ ఊరు గగ్గోలెత్తింది... రెక్క వాలుతోంది!

మ్యూజియం కమిటీ భయపడిందనుకున్నారా? బోర్డు రాయించింది. "భూతియా సిగ్నల్" అని పెద్దక్షరాలు, దెయ్యం సిగ్నలని. కింద నెత్తుటి రంగులో, హంతకుడు నూకన్న ఇంకా డ్యూటీలోనే ఉన్నాడని. చచ్చినవాడు పరువు నష్టం కేసు వెయ్యడు కదా.

నూకన్న కూతురు యర్రమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఆ జెట్టీ దగ్గరే చేపలెండబెట్టి అమ్ముకుంటుంది. మర్నాడు టూరిస్టుల బోటు వచ్చి మ్యూజియం తెరుస్తారనగా, ఆదివారం సాయంత్రం కేబిన్‌కి వచ్చింది. సముద్రం పోటెక్కి ఆఖరి బోటు రద్దయింది. వాలంటీర్లు ముగ్గురూ అక్కడే చిక్కుకుపోయారు.

"బాబూ, మా అయ్య పేరు తుడిపీయండి" అంది గుమ్మంలో నిలబడి. "దెయ్యాన్నే ఉంచుకోండి. పేరొక్కటీ తీసీండి."

"హిస్టరీ అమ్మా అది. హిస్టరీని తుడపకూడదు" అన్నాడు గణేశ్వరరావు.

"మాయమ్మ సచ్చిందాకా ఆయన పేరెత్తనేదు బాబూ. పెద్దల అమాసకి అందరి పేరునా ముద్ద తీసింది గానీ, ఆయనకి తియ్యనేదు. కూడు లేనోడికి బోర్డెందుకు?"

ఆయన జవాబు చెప్పేలోపే వాన దిగింది. ఇక్కడ చీకటి ఎంత తొందరగా పడుతుందో తెలుసు కదా. టీ చల్లారేలోపు గుట్ట మాయమైంది. దూరంగా సిగ్నల్ దీపం మాత్రం ఎర్రగా... వానలో తడుస్తూ.

కిర్ర్ర్...

"ఏంటది?" రాజ్‌కిరణ్ గుసగుసలాడాడు.

"గాలి."

కిర్ర్... ర్ర్...

లివర్ వాళ్ల కళ్ల ముందే ఉంది. నిటారుగా. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నేల మీద పాకుతూ పోయే తీగ మాత్రం... సన్నగా మూలుగుతోంది. ఎవరో అటు చివర పట్టుకుని లాగుతున్నట్టు.

ఎరుపు వణికింది.

పచ్చబడింది.

"దీదీ..." రాజ్‌కిరణ్ పద్మిని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వచ్చాడు దీదీ!"

యర్రమ్మ ఒక్కతే కదిలింది. వానలోకి నడిచింది. "అయ్యా..." అని పిలిచింది, నిద్రపోతున్నవాణ్ని లేపినట్టు. "ఓలయ్యా... ఇంక సాలు. ఒగ్గీ. ఎంతమందిని సంపుతావు?"

ముసలిది ఒంటరిగా పోతుంటే పద్మినికి సిగ్గేసింది. టార్చీ, స్పానరూ పట్టుకుని వెనకే పరుగెత్తింది. స్తంభం కింద ఎవరూ లేరు. తీగ మీద చెయ్యి వేసింది.

ఐసులా ఉంది. వీణ తీగలా బిగిసి ఉంది.

మధ్యాహ్నం అదే తీగ గ్లవ్స్‌లోంచి కూడా అరచెయ్యి కాల్చింది. ఎండకి సాగిన తీగ. సాగినప్పుడే, వదులుగా ఉందని మరింత బిగించి పోయారు. ఇప్పుడు వాన నీళ్లు పడి...

బిగించే మరని స్పానరుతో వదులు చేసింది. పైన రెక్క టక్కున లేచింది. ఎరుపు. మళ్లీ బిగించింది. పచ్చ. వదులు చేసింది. ఎరుపు.

యర్రమ్మ తల పైకెత్తి చూస్తూనే ఉంది. నోట్లోకి వాన పడుతున్నా మూయలేదు.

"మా అయ్య లాగనేదా?"

"లాగలేదమ్మా" అంది పద్మిని. "ఎవ్వరూ లాగలేదు. తీగే ముడుచుకుంది."

ఇద్దరూ తడిసి ముద్దై కేబిన్‌కి వచ్చారు. పద్మిని రొప్పుతూ చెప్పబోయింది. గణేశ్వరరావు గారు టీ గ్లాసులోకి చూస్తున్నాడు. ఆశ్చర్యం లేదు ఆ ముఖంలో.

"అంకుల్... మీకు తెలుసా?"

"చల్లబడితే తీగ లాగుతుందని ట్రైనింగులో మొదట్లోనే చెప్తారమ్మా" అన్నాడు మెల్లగా. "పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి సరిచేసుకోవడానికి కేబిన్‌లో ఓ చక్రం పెడతారు. ఇక్కడ పెట్టలేదు."

"మరి నూకన్న మీద నేరం మోపినవాళ్లకి...?"

"తెలిసే ఉంటుంది. చక్రం పెట్టించనివాడు పెద్దవాడు. లివర్ పట్టుకున్నవాడు కూలివాడు. ఎవర్ని పట్టుకోవడం సులువు?"

"బోర్డు రాయించేనాటికే మీకు తెలుసు!"

"దెయ్యం లేకపోతే తుప్పు పట్టిన స్తంభం చూడ్డానికి ఇంత దూరం ఎవడొస్తాడు పద్మినీ? మ్యూజియం బతకాలా వద్దా?"

చదువుకున్న మనిషి. మాటలో ఎక్కడా తప్పు దొరకదు.

పద్మిని స్పానరు మళ్లీ చేతిలోకి తీసుకుంది. బయటికెళ్లి మర పూర్తిగా వదులు చేసి, స్పానరుని ఖాడీలోకి విసిరేసి వచ్చింది. వాళ్ల దగ్గర ఉన్నది అదొక్కటే.

మర్నాడు పొద్దంతా ఎండ. సాయంత్రం టూరిస్టులు గొడుగులతో, ఫోన్లతో స్తంభం చుట్టూ మూగారు. వాన రానే వచ్చింది. అందరూ ఫోన్లు పైకెత్తారు. రెక్క కదల్లేదు. ఎరుపు ఎరుపుగానే ఉంది.

"భూత్ కహాఁ హై భయ్యా?" ఎవడో అరిచాడు, దెయ్యమేదని. నవ్వులు.

బోర్డు పక్కన నిలబడ్డ యర్రమ్మ అందరికీ వినపడేలా చెప్పింది.

"రాడు. మా అయ్యని నాను ఇంటికి తీసుకెల్లిపోనాను."

వాళ్లలో తెలుగు వచ్చినవాడు లేడు. వచ్చినా ఒకటే. పైసా వాపస్ అని గొడవ మొదలెట్టారు.

ఆ రాత్రి కమిటీ కూర్చుంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, బోటు మెకానిక్కు దగ్గర స్పానరు అడిగి తెచ్చుకుని, గణేశ్వరరావు గారే గుట్టెక్కి తీగ బిగించాడట.

ఆ సాయంత్రమూ వాన పడింది.