దాటేసిన పేరా

ఆ ఇంటి ముందుగదే కుట్టుగది. పొద్దున్నే అత్తగారు, చిన్నత్తగారు చొక్కాలకు కాజాలు కుడుతుంటే, పెళ్లయి మూడు నెలలైన కొత్త కోడలు ఫోనులో కథ చదివి వినిపించడం అలవాటు. చేతికి పని, చెవికి కథ. ఆ గంటంటే కోడలికి ప్రాణం.

“అందరూ తిట్టిపోస్తున్నారే, ఆ పెళ్లాం కథ. అది చదువమ్మాయ్,” అన్నారు ఆరోజు చిన్నత్తగారు. “మనమూ నాలుగు తిట్టొద్దూ?”

కోడలి గుండెలో రాయి పడింది. ఆ కథ రాసింది తనే, మారుపేరుతో. భర్త స్పర్శ కోసం తపించిపోయే భార్య కథ. దాని కింద మూడువందల వ్యాఖ్యలు. ‘ఇలాంటిదాన్ని ఏ అత్త ఇంట్లో ఉంచుకుందో’ అన్నది చదివినప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. భర్తకు కూడా చెప్పలేదు. తెలిస్తే పుట్టింటికి పంపేస్తారేమో.

“ఏం బావుండదట చిన్నత్తయ్యా.”

“బావుండనివే బావుంటాయి. కానివ్వు.”

తప్పక మొదలుపెట్టింది. ఆ భార్య సిగ్గు విడిచి భర్తను తనే దగ్గరకు పిలిచే చోటు రాగానే, ఆ పేరా దాటేసి తెల్లవారే చోటికి వెళ్లిపోయింది. అత్తగారి మొహంలో ఏం కదులుతుందోనని అటే చూస్తూ చివరిదాకా చదివింది. అత్తగారి సూది ఆగింది.

“ఫోను ఆరిపోయి ఎంతసేపయిందే,” అన్నారు అత్తగారు. “నువ్వింకా చదువుతూనే ఉన్నావు.”

చేతిలోకి చూసుకుంది. నల్లటి అద్దంలో తన మొహమే కనబడింది.

చిన్నత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. “నంగనాచీ, నీ రాతేనా ఇది? అక్కా, పరువు వీధిన పడింది. అబ్బాయికి చెప్పు.”

“తప్పయిపోయింది అత్తయ్యా. తీసేస్తాను. ఇంక రాయను.” కోడలు లేచి నిలబడింది.

“రాత్రికీ తెల్లారడానికీ మధ్య ఏదో మింగేశావు,” అన్నారు అత్తగారు. “ ముందది చదువు.”

శిక్ష వేస్తున్నారనుకుంది. కళ్లు మూసుకుని, ఒక్క మాటా వదలకుండా చదివింది.

“మీ మామయ్య ఉన్నన్నాళ్లూ నేనొక్కసారీ పిలవలేదు,” అన్నారు అత్తగారు, కళ్లద్దాలు తీసి పక్కన పెడుతూ. “ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. ఏమనుకుంటారోనని భయం. నాకే ఏదో పాడుబుద్ధి పుట్టిందనుకుని ముప్పై ఏళ్లు అణుచుకున్నాను.”

చిన్నత్తగారు తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించబోయారు. ఎంతకీ ఎక్కలేదు.

కోడలు వెళ్లి అత్తగారి ఒళ్లో మొహం దాచుకుంది.

“తీసెయ్యకు,” అన్నారావిడ, జుట్టు నిమురుతూ. “వాడికి మాత్రం నువ్వే చెప్పు. ఇవాళే.”

సాయంత్రం అతనేమంటాడోనన్న భయం పోలేదు. కానీ ఆ ఒడిలోంచి లేవబుద్ధి కాలేదు.