దుసెక్‌కు పేజీలు తిప్పినవాడు

“గ్రేస్! మళ్లీ ముందే తిప్పేశావ్!”

కావ్య విసుగ్గా పియానో మీంచి చేతులు తీసేసింది.

“నువ్వే కదా తల ఊపావ్?” అంది గ్రేస్. స్కూల్లో ఆర్ట్ టీచర్, ఫిలిప్పీనో ఆవిడ. పియానో వాయించేవాళ్లకు రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి, పక్కన కూర్చుని నోట్స్ పుస్తకంలో పేజీలు తిప్పే సాయానికి ఒప్పుకుంది. తల ఊపితే తిప్పాలి, అదీ ఒప్పందం.

“అది నీకోసం కాదు. పాట బాగుందని ఊపాను.”

“ఏ ఊపు నాకో, ఏది పాటకో నాకెలా తెలుస్తుంది?”

అప్పుడు పైనుంచి ఓ గొంతు వినిపించింది. “ఆమె తప్పేం లేదు మేడం. మీరే జెర తక్కువ ఊపుండ్రి.”

నిచ్చెన మీద, ఏసీ మూత ఊడదీసి పట్టుకుని ఒక కుర్రాడు నవ్వుతున్నాడు. కావ్యకు ఒళ్లు మండింది. సౌదీలోని అల్ ఖోబర్‌లో, ఆ స్కూలు ఆడిటోరియంలో తెలుగు వినిపించడమే వింత. పైగా సలహాలొకటి!

“మీరు ఏసీ చూస్కోండి. నా తల నేను చూస్కుంటా.”

“చూస్కుంటనే ఉన్న మేడం” అన్నాడు. ఏది చూసుకుంటున్నాడో మాత్రం చెప్పలేదు.

అసలే కావ్య టెన్షన్‌లో ఉంది. పన్నెండు రోజుల్లో ఇదే స్టేజీ మీద ప్రిన్సిపాల్ ముందు వాయించాలి. బాగా కుదిరితే మ్యూజిక్ టీచర్ ఉద్యోగం. కుదరకపోతే సంగీతం మూటగట్టి హైదరాబాద్‌లో ఎంబీఏ. నాన్న భోజన్నతో కుదిరిన ఒప్పందం అది. ఎంబీఏ మాట వింటేనే ఆ పిల్లకు జ్వరం వస్తుంది.

మర్నాడు వచ్చేసరికి పియానో వేరే వైపు తిరిగి ఉంది.

“ఎవరు తిప్పారు దీన్ని?”

“నేనే మేడం. నిచ్చెనకు జాగ లేకుండె.”

“ఇలా కూర్చుంటే జనానికి నా వీపు కనిపిస్తుంది. దుసెక్ చూస్తే ఏడ్చేవాడు!”

“ఆయనెవరు? మీ సారా?”

కావ్యకు నవ్వాగలేదు. “నేను వాయించే సొనాటా రాసినాయన. యాన్ లడిస్లావ్ దుసెక్. చెక్ దేశం. రెండొందల ఏళ్ల కిందటి మాట. స్టేజీ మీద పియానోను అడ్డంగా పెట్టించి, పక్కనుంచి మొహం కనిపించేలా కూర్చున్నది మొదట ఆయనేనంటారు. మస్తు అందగాడట!”

“అట్లనా? అయితే అడ్డంగనే పెడదాం. మొహం కనవడాలె గద” అంటూ అతను పియానోను తోశాడు. దుసెక్ మొహం గురించి మాట్లాడటం లేదని కావ్యకు అర్థమైంది. చెవులు వేడెక్కాయి.

“ఆయన సొంతూర్లనే ఉన్నడా?”

“ఎక్కడ! రష్యా, పారిస్, లండన్, జర్మనీ... పారిస్‌లో విప్లవం వస్తే లండన్‌కు పారిపోయాడు.”

“అంటే మన లెక్కనే. పనున్న కాడికి పోయినోడు.”

మూడేళ్లుగా దుసెక్‌ను వాయిస్తోంది కావ్య. ఆయన్ను తమవాళ్లలో ఒకడిగా ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజు ఆ సొనాటా కొత్తగా వినిపించింది.

అతని పేరు లింబాద్రి. ఏసీ పని ఇంకా అవలేదంటూ రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఆమె వాయించేది, అతను పైన ఏదో బిగించేవాడు. మధ్యలో చాయ్ పేరుతో పది నిమిషాల కబుర్లు. ఆ పది నిమిషాలు నలభై అయ్యాయి. ఒకరోజు అతను ఆలస్యంగా వస్తే, ఖాళీ నిచ్చెన చూసి కావ్య వేళ్లు తడబడ్డాయి. తనకేమైందో ఆ పిల్లకు అప్పుడే తెలిసిపోయింది.

కచేరీ రోజు రానే వచ్చింది. గురువారం, నాలుగు గంటలకు. ముందు వరుసలో ప్రిన్సిపాల్, వెనక కొత్త చొక్కాలో భోజన్న. ఇంకో ఐదు నిమిషాలుందనగా గ్రేస్ ఫోన్. కొడుక్కి ఒళ్లు కాలిపోతోందట, రాలేనంది.

కావ్య ఫోన్ పెట్టేసింది. “అయిపోయింది. అంతా అయిపోయింది.”

“నేను కూసుంటా” అన్నాడు స్టేజీ పక్కనే నిలబడ్డ లింబాద్రి.

“మీకు నోట్స్ చదవడం వచ్చా?”

“రాదు. మిమ్మల్ని చదువుడొస్తది. బాగున్నదని ఊపేటప్పుడు తల పక్కకు వోతది, మా ఊరి భజనల ఊపినట్టు. పేజీ కావాల్నంటే గదువ కిందికంటరు. పాండ్రి, టైమైతున్నది.”

మొదటి పేజీ. వేళ్లు పరుగందుకున్నాయి. ఇష్టమైన చోటు రాగానే తల అటూ ఇటూ ఊగిపోయింది. పేజీ తిరిగిపోతుందేమోనని కావ్య ఓరగా చూసింది. లింబాద్రి కదల్లేదు! కావ్య గడ్డం రవ్వంత దించింది. పేజీ టక్కున తిరిగింది.

ఇక భయం ఎటు పోయిందో! ఏసీ గాలికి కాగితం లేవబోతే అతని బొటనవేలు ఆపింది. ఆమె హాయిగా, ఇష్టమొచ్చినట్టు తల ఊపుకుంటూ వాయించింది. చివరి స్వరం మోగగానే హాలంతా చప్పట్లు.

“ఆదివారం స్కూలు తెరవగానే సర్టిఫికెట్లు పట్టుకుని రా” అంది ప్రిన్సిపాల్ చెయ్యి కలుపుతూ. కావ్య అక్కడే ఎగిరి గంతేసింది.

భోజన్న స్టేజీ ఎక్కాడు. బిడ్డ తల నిమిరి, ఏసీ వంక చూసి, లింబాద్రి వైపు తిరిగాడు. దమ్మామ్‌లో ఇరవై రెండేళ్లుగా బిల్డింగ్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ ఆయన. పన్నెండు రోజులుగా ఏసీ పని నడుస్తోందని కావ్య ఇంట్లో చెబుతూనే ఉంది.

“దీనికేం ఖరాబైంది?”

“డ్రెయిన్ పైపు జామైంది సార్.”

“గంట పని. పన్నెండు రోజులు ఏం చేసినవ్?”

“పని మొదటి రోజే అయిపోయింది సార్. డ్యూటీ దిగినంక వచ్చి ఊకెనే నిచ్చెన ఎక్కెటోన్ని. ఆమె వాయిస్తుంటె వినాల్నని. ఆమె అంటే నాకిష్టం సార్. తిడితే తిట్టుండ్రి.”

కావ్యకు చప్పట్లు మళ్లీ మొదలయ్యాయా అనిపించింది. అది గుండె చప్పుడు.

భోజన్న మొహంలో ఏమీ తెలియలేదు. “ఏ ఊరు?”

“అంకాపూర్ నాన్నా, ఆర్మూర్ పక్కన” అంది కావ్య.

“ఇంట్ల ఎవరెవరున్నరు?”

“అమ్మ ఉంది. ఇద్దరు అక్కలు, పెళ్లిళ్లయిపోయాయి.”

“ఏం సదివినవ్?”

“ఐటీఐ. ఇప్పుడు డిప్లొమా కూడా చేస్తున్నాడు, ఇంకో ఏడాదే!”

“నేనడిగేది పిలగాన్ని.”

కావ్య నాలుక కరుచుకుంది. భోజన్న లింబాద్రి వైపే చూస్తూ, చాలా మామూలుగా అడిగాడు. “కారం తింటడా?”

“మస్తు తింటడు” అనేసింది కావ్య.

భోజన్న పగలబడి నవ్వాడు. లింబాద్రి భుజం మీద చెయ్యి వేశాడు.

“రేపు శుక్రవారం, సెలవు. పగటీలి అన్నానికి ఇంటికి రా బిడ్డా. ఈమె చెప్పంగ ఇంకేమన్న మిగిలితే, అది నువ్వు చెప్పు.”