బండ్లు రాని దారిలో ఇంటిపేరు

వసంతకుమార్ కొత్త సైకిల్ కొన్న వారానికే తనను తాను పెద్ద రైడర్ అనుకోవడం మొదలుపెట్టాడు. ఒంటికి అతుక్కునే జెర్సీ, నల్ల కళ్ళద్దాలు, వెనక రెండు సంచులు, ఒక సంచిలో టెంటు. పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరే ప్రయాణానికి టెంటు ఎందుకని అడిగేవాళ్ళు లేకపోయారు. కోయంబత్తూరులో అతను పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పక్క సీటువాళ్ళకు గేర్ల మీద ఉపన్యాసాలిచ్చేవాడు. అప్పటికి అతను ఎక్కిన కొండ మాత్రం ఆఫీసు ముందున్న ఫ్లైఓవర్ ఒక్కటే.

ఆ ఆదివారం అతను చేరింది 'బండ్లు రాని దారులు' అనే సైకిల్ గుంపులో. బస్సు మొహం, లారీ మొహం చూడకుండా కాలువ గట్లమీద, టేకు తోపుల్లో, రాతి లోయల అంచున, కొండల కింద ఎగుడుదిగుడు నేలమీద రోజంతా తొక్కించడం ఆ గుంపు పని. దారులన్నీ వెతికిపెట్టింది యువరాణి. వారమంతా మోటారు పంపుల కంపెనీలో డిజైన్లు గీస్తుంది. ఆదివారం వస్తే ఇలా జనాన్ని వెంటేసుకుని కొండలు తిరుగుతుంది.

ఆమె ముందుండాలి, మిగతావాళ్ళు వెనక రావాలి. అక్కడున్న నియమం అదొక్కటే. వసంతకుమార్ దాన్ని మొదటి కాలువ గట్టుమీదే మీరాడు. ఆమెను దాటేసి, వెనక్కి తిరిగి ఒక నవ్వు కూడా పారేశాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపు గట్టు కుడివైపుకు తిరిగింది. అతను తిరగలేదు.

కాలువలో నీళ్ళు మోకాలి లోతే. పరువు పోవడానికి ఆ లోతు సరిపోయింది.

యువరాణి గట్టుమీద సైకిల్ ఆపి, దెబ్బ తగిలిందా అని తమిళంలో మర్యాదగా అడిగింది. లేదని తేలాక ఫోన్ తీసి తెలుగులో మొదలుపెట్టింది.

"అవ్వా, మేము వచ్చేదానికి కొంచెం లేటవుతుంది. ఒకాయన కాలవలో దూకినాడు. సోకు చూస్తే ప్రపంచం చుట్టి వచ్చినట్టుండాడు, మలుపు తిప్పేది తెలీలేదు. ఆ... చూసేదానికి బాగానే ఉండాడు, పావం."

"దూకలేదండి, పడినాను," అన్నాడు వసంతకుమార్ నీళ్ళలోంచి, తెలుగులోనే.

తమిళనాట పుట్టిన తెలుగువాళ్ళు, ఇంటి నాలుగు గోడల మధ్య తప్ప బయట ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో వాడుకునే భాష అది. యువరాణి మొహం జేవురించింది. ఆ మొహం చూస్తూ వసంతకుమార్ కాలువలోంచి లేవాలన్న సంగతే మరిచిపోయాడు.

టిఫిన్ కినత్తుకడవులో, యువరాణి వాళ్ళ కొబ్బరి తోటలో. ఆమె నాయనమ్మ చెన్నమ్మాళ్ అందరికీ ఇడ్లీలు వడ్డించి, తెలుగు మాట్లాడే తడి మనిషిని మాత్రం తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఊరు అడిగింది. తిరుమంగళం పక్కన, నల్లరేగడి సేద్యం అని చెప్పాడు. తరువాత వచ్చే ప్రశ్న ఏదో ఆ తెలుగు ఇళ్ళలో పుట్టిన ఎవరికైనా తెలుసు.

"ఇంటిపేరు ఏమప్పా?"

సర్టిఫికెట్లలో తండ్రి పేరు మొదటి అక్షరం తప్ప మరేమీ రాయని చోట ఇంటిపేరు నోటిమాటగానే బతకాలి. వసంతకుమార్ చిన్ననాటి సెలవులన్నీ అమ్మమ్మ ఇంట్లో గడిచాయి. కులదేవత పొంగలికి వెళ్ళినా ఆమె వెంటే వెళ్ళాడు. చెవిన పడిన ఇంటిపేరు ఒక్కటే. దాన్ని ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"రావినూతల."

చెన్నమ్మాళ్ మొహం వికసించింది. "మాదీ రావినూతలే గదా! అట్టయితే నువ్వు మా ఇంటి బిడ్డవే. యువరాణీ, ఇదిగో, నీకు అన్న దొరికినాడు."

ఒకే ఇంటిపేరువాళ్ళు ఎంత దూరాన పుట్టినా అన్నాచెల్లెళ్ళే. ఆ మాటకు తిరుగులేదు. వసంతకుమార్ గొంతులో ఇడ్లీ అడ్డం పడింది. యువరాణి చెంబుతో నీళ్ళు తెచ్చి, "తాగు అన్నా," అంది. ఆ గొంతులో కాస్త దిగులున్నట్టు అతనికి అనిపించింది. కానీ కాలువలో పడ్డప్పటినుంచి తన అంచనాల మీద అతనికి పెద్ద నమ్మకం లేదు.

ఇంకెప్పుడూ వెళ్ళకూడదని ప్రతి శనివారం గట్టిగా నిశ్చయించుకునేవాడు. ఆదివారం అందరికంటే ముందు చేరేవాడు. ఎక్కుడు దారి రాగానే పైనుంచి ఆమె కేక వినపడేది. "అన్నా, గేరు మార్చు." మార్చేవాడు. గేరు మారేది గాని మనసు మారేది కాదు. ఆమెను ప్రేమిస్తున్నాడు. చెల్లెలి వరస మనిషిని ప్రేమించే వెధవ తానొక్కడే అయివుంటాడని కుమిలిపోతూ తొక్కేవాడు. ఆ బరువుకు తోడు వెనక సంచిలో టెంటు.

ఒకసారి రాతిలోయ దగ్గర సారల్ పట్టుకుంది. కొండ గాలికి ఏటవాలుగా కొట్టే ఆ సన్నటి జల్లులో అందరూ రాతిచట్టు కింద ఒదిగారు. యువరాణి భుజం తన భుజానికి తగలకుండా ముడుచుకుని, వసంతకుమార్ తోచింది మాట్లాడటం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తిరుమంగళంలో మామ బావిలో ఈత నేర్చుకోవడం, ఆ మామకు ఇంటిపేరంటే ఎంత గర్వమో, పంపుసెట్టు గది గోడమీద 'రావినూతల రాజగోపాలన్' అని ఎంతెంత అక్షరాలు రాయించాడో, అన్నీ చెప్పాడు.

యువరాణి అతన్ని వింతగా చూసింది. "సొంత మామేనా? మీ అమ్మకు తోడబుట్టినాయనేనా?"

"అవును. ఏం?"

ఆమె మొహం వానవైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. తన హెల్మెట్ చూసి నవ్వుతోందనుకుని అతను దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి 'అన్నా' అన్న పిలుపు ఇంకా గట్టిగా, ఇంకా తరచుగా వినిపించడం మొదలైంది.

తరువాత ఒక రోజు సెలవు తీసుకునేటప్పుడు చెప్పింది. "వచ్చే ఆదివారం రైడ్ లేదు. నన్ను చూసేదానికి వస్తుండారు. అన్నవు గదా, నువ్వు ముందే వచ్చి నిలబడాల."

ఆ వారం వసంతకుమార్ ఆఫీసులో గేర్ల మాట ఎత్తలేదు. శనివారం సాయంత్రం వాళ్ళమ్మకు ఫోన్ చేసి, అటు తిప్పి ఇటు తిప్పి, మనిషి తన ఇంటిపేరు మార్చుకునే వీలు ఏమైనా ఉందా అని అడిగాడు. ఆమె విషయం మెల్లగా బయటికి లాగింది.

"మనది రావినూతల అని ఎవడు చెప్పినాడురా నీకు? అది నా పుట్టినిల్లు. మనది ములకలూరి. ఇంజనీరింగ్ దాకా చదివించినాము, ఇది చెప్పేది మరిచినాము."

అతను ఫోన్ పెట్టేసి వేళ్ళమీద వరసలు లెక్కపెట్టాడు. యువరాణి తండ్రిది తన అమ్మ పుట్టింటి పేరే అయితే, ఆయన తనకు మేనమామ వరస. మామ కూతురు చెల్లెలు ఎలా అవుతుంది? మరదలు అవుతుంది. ఏ పిల్లను కోరి చేసుకోవచ్చో ఆ పిల్లకే నోరారా అన్ననని చెప్పుకుని, ఇన్నాళ్ళూ కొండలెక్కి ఏడ్చాడు.

కినత్తుకడవుకు కోయంబత్తూరునుంచి బస్సులున్నాయి. ఆ సంగతి ఆదివారం పొద్దున అతనికి తట్టలేదు. తెలిసిన దారి ఒక్కటే, ఆమె చూపించినది. టేకు తోపులు, లోయ, మెరకలు, పల్లాలు అన్నీ ఊపిరాడకుండా దాటాడు. చివరికి కాలువ గట్టు. ఆ మలుపులో ఈసారి నవ్వకుండానే పడ్డాడు.

తోటలో యువరాణి పట్టుచీర కట్టుకుని, తలలో మల్లెలు పెట్టుకుని ఉంది. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి, ఇంకా ఎవరూ రాలేదు. నీళ్ళు కారుతూనే చెన్నమ్మాళ్ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నేను తప్పు చెప్పినాను. నాది ములకలూరి. రావినూతల మా అమ్మ పుట్టినిల్లు. నేను అన్నను కాను. వచ్చేవాళ్ళను రావద్దనండి. యువరాణి అంటే నాకు ఇష్టం."

చెన్నమ్మాళ్ మనవరాలివైపు చూసింది. యువరాణి దగ్గరికి వచ్చింది. కోపమో నవ్వో తేల్చుకోలేకపోయాడు.

"మామకూ నీకూ ఒకే ఇంటిపేరు ఎట్ల వస్తుంది? వానలో ఆ దినమే నాకు తెలిసిపోయింది. అన్నా అన్నా అని పిలిస్తే రోషం వచ్చి నువ్వే కనుక్కుంటావనుకున్నాను."

"నువ్వే చెప్పుండచ్చు గదా."

"చెప్పి, నీకు అన్నగా ఉండేదే బాగుంటే?" ఆమె గొంతు తగ్గింది. "నాకు భయం ఉండదా?"

ఇన్నాళ్ళూ భయం తన ఒక్కడికే ఉందనుకున్నాడు. ఆమె కళ్ళలో తడి చూసి, ఎంత మొద్దునో అని మొదటిసారి నిజంగా సిగ్గుపడ్డాడు.

"మరి చూసేదానికి వచ్చేవాళ్ళు?" అని అడిగాడు మెల్లగా.

"ఇంకెవరినీ పిలిచిందే లేదు. వచ్చేవాడు వచ్చినాడు గదా," అంది చెన్నమ్మాళ్. "కాలవలో పడి వచ్చినాడు."

అయినా అతని మాట నమ్మడానికి ఆమె సిద్ధంగా లేదు. ఫోన్ లాక్కుని వాళ్ళమ్మతో తానే మాట్లాడింది. తాతల దగ్గర మొదలై, ముత్తాతల మీదుగా, ఇంటి దేవతలుగా కొలిచే పేరంటాళ్ళ దాకా నడిచిన ఆ సంభాషణ ముగిసేసరికి అతని బట్టలు ఒంటిమీదే ఆరిపోయాయి. వరస సరిగ్గా కుదిరిందని చెప్పి, ఇద్దరి తలలమీదా చెయ్యి పెట్టింది. అన్నకు ఇదివరకు ప్లేటులో పెట్టిన ఇడ్లీ ఈసారి అరిటాకులో వచ్చింది.

తరువాతి ఆదివారం గుంపు మళ్ళీ కొండల్లోకి బయలుదేరింది. పెద్ద ఎక్కుడు వచ్చింది. పైనుంచి కేక వినపడింది.

"బావా, గేరు మార్చు."

వసంతకుమార్ మార్చాడు. ఎటు మార్చాడో అతనికే తెలియదు. చైను ఊడి వేలాడింది, సైకిల్ ఆగిపోయింది, గుంపంతా అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడూ ముందుండాల్సిన మనిషి మాత్రం సైకిల్ తిప్పుకుని, నవ్వుతూ కిందికి దిగి వచ్చింది.