మూడో సైడింగులో నంబరు ప్లేటు

విశాఖ పోర్టు దగ్గర పాత లోకోషెడ్డులో మూడో సైడింగుకి మంచి పేరు లేదు. పని తీరిపోయిన ఆవిరి ఇంజన్లని ఆ పక్క పట్టాల మీదికి తోసేసేవారు. రాత్రి పదకొండుకి వాటి మధ్య ఒక లాంతరు నడిచేదట. పట్టుకున్న మనిషి కనబడడట... లాంతరొక్కటే. రైళ్ళు వేళకి రాకపోయినా, అది మాత్రం వచ్చేదట.

ఇంజన్ల మీది ఇత్తడి సామాను ఒక్కొక్కటే మాయమవుతుంటే, ఆ దెయ్యమే పట్టుకుపోతోందని షెడ్డువాళ్ళు రిపోర్టు కూడా రాశారు. దానిమీద సంతకాలూ పడ్డాయి.

వన్ టౌన్‌లో ఫోటో స్టూడియో నడిపే సిరాజ్‌కి ఇంజన్లంటే పిచ్చి. ఆదివారాలు పెళ్ళి ఫోటోలు మానుకుని పట్టాల వెంట తిరిగేవాడు. 1983లో ఆ సైడింగులో ఒకే ఒక్క ఇంజను మిగిలింది. దాన్నైనా మ్యూజియానికి పంపమని షెడ్డు ఆఫీసరు శ్రీరామ్మూర్తిని బతిమాలాడు.

"రేపు తొమ్మిదింటికి దాన్ని తుక్కుకి కోసే కటింగ్ వాళ్ళొస్తారు. ఆలోగా నంబరు ప్లేటు కనబడే ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టు, ఆపేస్తాను. నంబరు లేకపోతే అది ఏ ఇంజనో ఎవరికి తెలుస్తుందయ్యా?" అన్నాడాయన నవ్వుతూ.

అన్నది సాయంత్రం ఆరింటికి. దయగల మనిషి.

రాత్రి సిరాజ్ వెళ్ళి చూస్తే ప్లేటు ఉండాల్సిన చోట రెండు బోల్టులున్నాయి. ప్లేటు లేదు. అయినా ఊరికే తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు. ముక్కాలి స్టాండు మీద కెమెరా బిగించాడు. దూరంగా ఒకే దీపస్తంభం. ఆ వెలుతురుకి పది నిమిషాలైనా షట్టరు తెరిచి ఉంచాలి. కెమెరాలో మిగిలింది ఒక్క ఫోటోకి సరిపడా ఫిల్మే.

తెరిచాడు.

రెండో నిమిషంలో... లాంతరు.

పరుగెత్తేవాడే. కెమెరా వదిలితే కదా —

"ఏటి బాబూ, ఈ సీకట్లో ఏటి సేత్తన్నావు?" గుసగుస. ఈ ఇంజను మీద పనిచేసి చనిపోయిన ఫైర్‌మన్ పెళ్ళాం, కాశమ్మ. ఇప్పుడు ఎవరింట్లోనో పనిమనిషి. చంకలో గుడ్డ చుట్టిన బరువేదో ఉంది.

"ఫోటో... మామ్మా!"

"అయ్యో, నాను పడిపోతానేటి అందులో?"

"ఆగొద్దు! నడుస్తూనే ఉండు. కదిలే మనిషి ఇందులో పడదు. నిలబడ్డావో, దొరికిపోతావు."

కాశమ్మ ఆగలేదు. గుడ్డ విప్పి, ఇత్తడి ప్లేటుని ఆ రెండు బోల్టులకీ తగిలించి, అదే నడకన దాటిపోయింది.

"మా ఆయన ముప్పయ్యేళ్ళు దీని కడుపులో బొగ్గేసినాడు. ముక్కలు సేత్తామంటే సూత్తా కూకుంటానా? నంబరుంటే కొయ్యరని ఇన్నాను." చీకట్లోంచి వచ్చిందా మాట.

మర్నాడు ఎనిమిదిన్నరకి, ఇంకా తడి ఆరని ఫోటో శ్రీరామ్మూర్తి చేతిలో ఉంది. ఇంజను ఉంది. నంబరు ఉంది. ఫోటో అంచు నుంచి తిన్నగా ప్లేటు దాకా వచ్చి, అటు చీకట్లోకి సాగిపోయిన ఒక తెల్లటి వెలుగు గీత ఉంది. మనిషి మాత్రం లేడు.

"ఈ ప్లేటు ఎక్కడి..." అంటూ సగంలో ఆగిపోయాడు. ఫోను తీసి ఇంటికి చేశాడు.

"హాల్లో గోడ చూడు... గడియారం కింద," అన్నాడు గొంతు తగ్గించి. అక్కడ ఏమీ లేదన్న జవాబు విన్నాడు. ఫోను మెల్లగా పెట్టేశాడు.

కాశమ్మ ఎవరింట్లో పని చేస్తోందో సిరాజ్‌కి అప్పుడు తెలిసింది.

"ఏమిటయ్యా ఈ వెలుగు?"

"నాకేం తెలుసు సార్. రిపోర్టు రాసింది మీవాళ్ళే కదా."

శ్రీరామ్మూర్తి చెమట తుడుచుకున్నాడు. కటింగ్ ఆపమని ఆర్డరు రాసి, కారణం రాయవలసిన చోట చాలాసేపు ఆలోచించి రాశాడు: 'నంబరు ప్లేటు మొదటినుంచీ యథాస్థానంలోనే ఉన్నది.'