చెంబులో చింతగింజ

శనివారం పొద్దున హేమ బొరుగులు నీళ్ళలో తడిపి పిండుతోంది. పక్కన అత్త యశోదమ్మ బజ్జీలకు మిరపకాయలు చీలుస్తోంది. గార్లదిన్నెలోని ఆ ఇంట్లో శనివారమంటే ఆ బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ. పొద్దున ఇంట్లోవాళ్ళకు, సాయంత్రం మిత్రసేవా క్లబ్బు వారపు మీటింగుకు. ఆ క్లబ్బు పెట్టింది హేమ మామగారు ఆంజనేయులు. ఎన్నికలు జరగవని కాదు గానీ, ఎన్నిసార్లు జరిగినా ప్రెసిడెంటు ఆయనే. నియమం తప్పిన సభ్యుడు మరుసటి వారం టిఫిను తేవాలని వాళ్ళు జరిమానా పెట్టుకున్నారు. ఎవరు తప్పినా పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం యశోదమ్మే.

ఈ వారమంతా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. దానికి కారణం ఒక చింతగింజ.

క్లబ్బులో కొత్తవాళ్ళను చేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి సభ్యుడూ గుప్పిట మూసుకుని వచ్చి ఇత్తడి చెంబులో ఒక గింజ వేయాలి. ఇష్టమైతే వేరుశనగ గింజ, కాదంటే చింతగింజ. ఒక్క చింతగింజ పడినా పేరు ఆగిపోతుంది. మరుసటి వారం ఇంకొక్కసారి వేయిస్తారు. అప్పుడూ పడితే ఆ పేరు ఇక ఎత్తరు. క్లబ్బు పుట్టినప్పటి నుంచి చెంబులో వేరుశనగలే తప్ప మరొకటి పడలేదు. పోయిన శనివారం మొదటిసారి ఒక ఆడమనిషి పేరు వచ్చింది, మొదటిసారి చింతగింజ పడింది. ఆ పేరు హేమది.

పేరిచ్చింది ఆమె భర్త విష్ణువర్ధన్. కంటి శిబిరాలకు పల్లెలు తిరిగి ముసలివాళ్ళను ఆటో ఎక్కించి తెచ్చేది హేమే. అయినా మీటింగులో నోరు విప్పాలంటే సభ్యత్వం ఉండాలి. నీళ్ళ ట్యాంకరు ఏ ఊరికి ముందు పంపాలో లోపల మొగవాళ్ళు వాదించుకుంటుంటే, బయట మెట్ల మీద, బజ్జీలు తెచ్చిన అత్త పక్కన పళ్ళు బిగించుకుని కూర్చోవడం ఆమెకు ప్రాణసంకటంగా ఉండేది. ఈ సాయంత్రం రెండోసారి చెంబు తిరుగుతుంది.

గింజ ఎవరు వేశారో అడగకూడదన్నది క్లబ్బు నియమం. కానీ చెంబు బోర్లించినప్పుడు అందరూ గింజ వైపు చూస్తే నాయనొక్కడే కిటికీ వైపు చూశాడని విష్ణువర్ధన్ ఇంటికొచ్చి చెప్పాడు. అదే హేమ మనసులో వారమంతా ముల్లులా గుచ్చుకుంటూ ఉంది.

మామగారి ముందు పళ్ళెం పెట్టి ఆమె అక్కడే నిలబడిపోయింది.

"మామా, ఆ గింజ ఏసింది మీరేనా?"

పక్కనే కూర్చున్న విష్ణువర్ధన్ అదిరిపడి, అది అడగకూడదని సైగ చేశాడు. ఆంజనేయులు చేతిలోని బజ్జీని పళ్ళెంలో పెట్టేశాడు.

"నేనే ఏసినా. ఏం జేస్తావు?"

హేమకు కళ్ళు నిండిపోయాయి. వారం రోజులుగా అణచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. ఎండలో తిరిగేటప్పుడు పనికొచ్చిన కోడలు కుర్చీలో కూర్చోవడానికి ఎందుకు పనికిరాలేదో చెప్పమంది. ఆడది పక్కన కూర్చుంటే మీ క్లబ్బు అరిగిపోతుందా అని నిలదీసింది. ఎప్పుడూ ఎదురుచెప్పని కోడలు అంతంత మాటలనడం చూసి విష్ణువర్ధన్ గోడకు ఆనుకుపోయాడు. ఆంజనేయులు మాత్రం కోప్పడలేదు.

"నీలో తక్కువేం లేదమ్మా" అన్నాడు. "క్లబ్బు పెట్టిన కొత్తల్లో మీ అత్త నన్ను 'నేనూ చేరతానయ్యా' అని అడిగింది. నలుగురి ముందర నవ్వినా. బజ్జీలు చేసి పంపు చాలు, అదే నీ సభ్యత్వమన్నా. మళ్ళా ఆ మాట ఎత్తలేదు ఆమె. ఇప్పుడు ఆమెను మెట్ల మీదనే కూర్చోబెట్టి, నిన్ను లోపలికి పిలిచేదానికి నాకు మొగం యాడుండాది?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. యశోదమ్మ గడప దగ్గరికి వచ్చింది.

"అది నీకు గుర్తుండాదా? మర్చిపోయింటావులే అని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకుంటాండా."

కళ్ళు తుడుచుకోబోతే చేతికున్న మిరపకారం తగిలి ఇంకా నీళ్ళు కారాయి. హేమ పరుగున పోయి చెంగు తడిపి ఆమె కళ్ళకు అద్దింది. అద్దుతుంటే సిగ్గేసింది. ఎన్ని శనివారాలు ఆ మెట్ల మీద అత్త పక్కనే కూర్చుని తన గోడు వెళ్ళబోసుకుందో. నీకూ లోపలికి రావాలనుందా అత్తా అని ఒక్కనాడూ అడగలేదు.

"అట్లయితే ఈ రోజు నా కంటే ముందు అత్త పేరు రావాల" అంది మామగారి వైపు తిరిగి. "ఎత్తాల్సింది మీరే."

మొగుడూ పెళ్ళామూ, కొడుకూ కోడలూ, ఇది క్లబ్బా ఇల్లా అని జనం నవ్వుతారని గొణిగాడు ఆంజనేయులు.

"నవ్వనీ" అంది యశోదమ్మ. "ఒకసారి నవ్వించుకున్నదాన్నే గదా."

సాయంత్రం నూనె మిల్లు మీది క్లబ్బు గదిలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. చింతగింజ సంగతి ఊరంతా తెలిసిపోయింది మరి. మెట్ల మీద బజ్జీల గిన్నె పెట్టుకుని అత్తాకోడళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. లోపల గంట మోగింది.

మైకు లేకుండానే ఊరంతటికీ వినపడేలా మాట్లాడే ఆంజనేయులు లేచి నిలబడి రెండుసార్లు నీళ్ళు తాగాడు.

"యశోదమ్మ. నా భార్య. ఈమె పేరు నేనిస్తాండా. ఇయ్యాల్సిన దినం ఇయ్యలేదు, అది నా తప్పు. ఇంగ మీ ఇష్టం."

సభ్యులు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సెక్రెటరీ దాదా ఖలందర్ చెంబు చేతికి తీసుకున్నాడు.

"ఏమప్పా, ఆ యమ్మ చేతి బజ్జీలు తిన్న నోళ్ళేనా ఇవి? రాండి, గింజలేయండి."

గది నవ్వులతో నిండిపోయింది. చెంబు బోర్లిస్తే అన్నీ వేరుశనగలే. చప్పట్ల మధ్య యశోదమ్మ లోపలికి పోయి, కుర్చీ అంచున పెళ్ళికూతురిలా కూర్చుంది.

తరువాత హేమ పేరు. కొత్త సభ్యురాలు యశోదమ్మే మొదటి గింజ వేసింది. ఒక్కొక్కరే గుప్పిట మూసుకుని వచ్చి వేసి పోయారు. ఆఖరికి ఆంజనేయులు వచ్చాడు. చెంబు ముందు ఆగి, తలుపు దగ్గర నిలబడిన కోడలి వైపు తిరిగి, అందరూ చూస్తుండగా గుప్పిట తెరిచాడు.

అరచేతిలో వేరుశనగ గింజ.

హేమకు ఏడుపు ఆగలేదు. పొద్దున తానన్న మాటలన్నీ గుర్తొచ్చి మరీ ఏడుపొచ్చింది. ఆయన గింజను చెంబులో వేస్తుండగానే యశోదమ్మ లేచి నిలబడింది.

"ప్రెసిడెంటు గారు గుప్పిట తెరిచినారు. నియమం ప్రకారం అది తప్పు."

క్లబ్బులో ఆమె మాట్లాడిన మొట్టమొదటి మాట అది. "తప్పేనన్నా, జరిమానా తప్పదు" అన్నాడు ఖలందర్. ఆంజనేయులు పక్కున నవ్వి, వచ్చే శనివారం బజ్జీలు నావేనని ఒప్పుకున్నాడు.

"నీవే. మిరపకాయలు చీల్చేదీ నువ్వే, పిండి కలిపేదీ నువ్వే. నేనూ హేమా మీటింగుకు ముందు పోతాము" అంది యశోదమ్మ.

ఆ నవ్వుల్లోనే ఖలందర్ చెంబు బోర్లించాడు. ఒక్క చింతగింజ లేదు. యశోదమ్మ తన పక్క కుర్చీని చేత్తో తట్టి కోడలిని రమ్మంది. హేమ వచ్చి కూర్చుంది. మెట్ల మీద బజ్జీల గిన్నె ఒక్కటే మిగిలిపోయింది.

దాన్ని లోపలికి తేవడానికి ప్రెసిడెంటే లేచాడు.