వార్డాఫీసులో మాయమైన పెట్టె

గొడుగు ముడవాలన్న ధ్యాస కూడా లేకుండా ఎన్నికల అధికారిణి లోపలికి దూసుకొచ్చింది. విప్పిన గొడుగు గుమ్మానికి అడ్డం తగిలి ఆమెను వెనక్కి లాగింది. డిటెక్టివ్ లేచి, ఆమె చేతిలోంచి గొడుగు మెల్లగా తీసుకుని, ముడిచి, మూలన ఆనించాడు. ఆ తర్వాతే, "కూర్చోండమ్మా. ఇప్పుడు చెప్పండి," అన్నాడు.

ఊరంతా ఆయన్ని నిదానం గారంటారు. భార్య పోయాక ఆయన మరింత నిదానించాడు. ఆయన దగ్గర సహాయకురాలిగా చేరిన మేనకోడలికి ఆ నిదానమంటే ఎంతో గౌరవం. అప్పుడప్పుడు ఒళ్ళుమంట కూడా.

"ఓటు పెట్టె పోయిందండీ! రేపు పొద్దున్నే పోలింగు. ఉన్నది ఒక్కటే పెట్టె."

"ఇంకోటి తెప్పించలేరా?" అంది మేనకోడలు.

"ఒక్కదానికే డబ్బిచ్చారమ్మా. అదీ కాళ్ళావేళ్ళా పడితే."

ఆ వార్డులో ఎన్నిక జరిగి చాలా ఏళ్ళయింది. ఎప్పుడడిగినా పైనుంచి నిధుల్లేవనే జవాబు. ఎన్నికయ్యేదాకా పనులు చూడమని ఒక పెద్దాయన్ని తాత్కాలికంగా కూర్చోబెడితే, ఆయన జుట్టు ఆ కుర్చీలోనే నెరిసిపోయింది. జనం ఆయనకు తాత్కాలికం గారని పేరు పెట్టేశారు. ఈ అధికారిణి వచ్చి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఈ ఎన్నికకి డబ్బు సాధించింది. రేపు పోలింగు జరక్కపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది.

"నా ఉద్యోగం సంగతి తర్వాతండీ. ఈసారి తప్పకుండా జరుగుతుందని ఇంటింటికీ వెళ్ళి మాటిచ్చాను. ఇక వాళ్ళ మొహాలు ఎలా చూడను?"

నిదానం గారు చెప్పులు వేసుకున్నాడు.

వార్డాఫీసు స్టోరు గది కప్పు కారుతోంది. చుక్కలు పడే చోట ఒక పాత ఇనప ట్రంకు పెట్టారు గానీ, దాని పక్కరేకు పగిలి ఉండటంతో పడిన నీళ్ళు పడినట్టే నేలమీదికి పాకుతున్నాయి. తాళం చెక్కుచెదరలేదు. ఓటు కాగితాల కట్టలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. బల్లమీద పెట్టె ఉండాల్సిన చోట ఒక సుద్దముక్క మాత్రం ఉంది.

"బడిపిల్లలు ఎవరో వదిలేసి ఉంటారు," అంది అధికారిణి.

"బడి సుద్ద గుండ్రంగా ఉంటుందండీ. ఇది బల్లపరుపుగా ఉంది," అంది మేనకోడలు. నిదానం గారు మెచ్చుకోలుగా చూసి, సుద్దముక్కని జేబులో వేసుకున్నాడు.

తాళంచెవులు రెండు. ఒకటి అధికారిణి దగ్గర. మధ్యాహ్నమంతా ఆమె బడిలో పోలింగు గది సర్దుతోంది. రెండోది తాత్కాలికం గారి దగ్గర.

ఆయన వీళ్ళని చూడగానే టీ పెట్టాడు. మేనకోడలికి టీ అలవాటు లేదు. నిదానం గారు మాత్రం గ్లాసు అందుకుని, బాగుందన్నాడు.

"మధ్యాహ్నం ఎవరైనా వచ్చారా?"

"ఈ వానలో ఎవరొస్తారండీ? పిట్ట కూడా రాలేదు."

"మీరొక్కరే ఉన్నారన్నమాట."

"ఎప్పుడూ ఒక్కణ్ణే కదండీ. ఇక్కడైనా, ఇంట్లోనైనా."

కిటికీ గట్టుమీద కడిగి బోర్లించిన గ్లాసులు రెండు ఇంకా తడి ఆరలేదు. నిదానం గారి చూపు వాటిమీద కాసేపు ఆగింది.

"రేపు ఎన్నిక ఆగిపోతే?"

"ఏం చేస్తాం? ఇంకొన్నాళ్ళు ఈ కుర్చీ మొయ్యాలి," అని నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు.

వసారాలోకి వచ్చాక మేనకోడలు ఆగలేకపోయింది. "మావయ్యా, దొంగ ఎదురుగా కూర్చుంటే టీ బాగుందని మెచ్చుకుంటావేంటి?"

"టీ బాగుందే మరి," అని ఆయన అధికారిణి వైపు తిరిగాడు. "ఆ కారే ట్రంకు బాగుచెయ్యమని ఎవరికైనా చెప్పారా?"

"పొద్దున్నే వెల్డింగ్ షాపామెకి ఫోన్ చేశానండీ. ఇంకా రానేలేదు."

"ఏమన్నారు? అన్నది అన్నట్టు చెప్పండి."

"స్టోరు గదిలో ఓటి పెట్టె ఉంది, చిల్లు పూడ్చి రేపటికల్లా ఇవ్వమ్మా అన్నాను. అక్కడ గ్రైండర్ మోత. గొంతు చించుకుని అరిచాను."

నిదానం గారి మీసం చివర కదిలింది. "వెళ్ళి ఆమెని పిలుచుకురా," అన్నాడు మేనకోడలితో. "ఏం తెస్తానంటే అది తేనివ్వు."

మేనకోడలు తిరిగొచ్చేసరికి ఆఫీసులో సందడిగా ఉంది. పోటీలో ఉన్న దర్జీ, నర్సమ్మ ఇద్దరూ వార్త విని వచ్చేశారు.

"ఓడిపోతానని తెలిసి నువ్వే దాచుంటావు," అన్నాడు దర్జీ.

"నా జాకెట్టు దాచి రెణ్ణెల్లయింది. ముందు అదివ్వు," అంది నర్సమ్మ.

వెల్డింగ్ షాపామె పట్టాలో చుట్టిన మూటని బల్లమీద దించింది. ముప్ఫై ఏళ్ళు దాటని మనిషి, చేతుల నిండా మసి. నిదానం గారు జేబులోంచి సుద్దముక్క తీసి ఆమె ముందు పెట్టాడు.

"అయ్యో, నాదే! ఇనుము మీద గీతలు గీసుకునేది. ఎక్కడ పడేశానా అని వెతుకుతున్నా."

"బాగుచెయ్యాల్సిన ట్రంకు గదిలోనే ఉంది. కదపకూడని పెట్టె పోయింది," అన్నాడు నిదానం గారు. "ఎత్తుకుపోయింది దొంగ కాదు, మాట విని వచ్చిన మనిషి. అధికారిణి గారు అన్నది ఓటి పెట్టె, అంటే కారే పెట్టె. గ్రైండర్ మోతలో ఈమెకు వినబడింది ఓటు పెట్టె. మూట విప్పమ్మా."

ఆమె గర్వంగా విప్పింది. మూతమీద కాగితం వేసే సందు లేదు. ఆ చోట రేకు నున్నగా అతికి ఉంది.

"ఇంత బారు చీలికండీ! ఎవరైనా పుల్ల పెట్టి ఓట్లు లాగేయరూ? చీమ కూడా దూరకుండా పూడ్చేశాను."

"మరి ఓట్లెలా వెయ్యాలే తల్లీ?" అంది నర్సమ్మ నెత్తి కొట్టుకుంటూ.

"మూత తీసి వేస్తారనుకున్నా. పెద్ద ఎన్నికలకి మీట నొక్కి వచ్చేస్తాం. కాగితం ఓటు నేనెప్పుడు చూశాను? నాకు వయసొచ్చాక ఇక్కడ ఒక్క ఎన్నికైనా పెట్టారా?"

నర్సమ్మ నెత్తిమీంచి చెయ్యి దించింది.

"తలుపు తీసిందెవరు మరి?" అంది మేనకోడలు.

నిదానం గారు గొంతు తగ్గించాడు. "ఒంటరిగా టీ తాగేవాడు రెండు గ్లాసులు కడగడమ్మా. ఆ సంగతి నాకు తెలుసు."

తాత్కాలికం గారు కుర్చీలోంచి లేచాడు. "తడిసి వచ్చిందని టీ ఇచ్చాను. తలుపు తీసి నా సీట్లో కూర్చున్నాను. ఆ పెట్టెతో బయటికొస్తుంటే, అది కాదమ్మా అనబోయాను. అనలేదు. రేపట్నుంచి ఈ తలుపు తీసే పని కూడా ఉండదనిపించింది. పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి నేను?"

అధికారిణి మొహం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనబోయి, కిటికీ గట్టుమీది గ్లాసులు చూసి, ఊపిరి వదిలింది.

"మీరు చేసింది చిన్న తప్పు కాదండీ. రేపు క్యూలో ముసలివాళ్ళని చెయ్యిపట్టి నడిపించడానికి నాకు మనిషి లేడు. ఆ మనిషికి పైనుంచి డబ్బివ్వలేదు. వస్తారా?"

"తాత్కాలికమేనా?"

"తాత్కాలికమే."

మర్నాడు వాన వెలిసింది. అందరికంటే ముందు వెల్డింగ్ షాపామె ఓటేసింది. రాత్రి తానే కోసిన సందులో కాగితం జారవిడిచి, అంచు ఎక్కడైనా గరుగ్గా ఉందేమోనని వేలితో తడిమి మరీ వెళ్ళింది.

మేనకోడలు ఓటేసి బయటికొచ్చేసరికి తాత్కాలికం గారు ఒక ముసలామెను నెమ్మదిగా మెట్లు దింపుతున్నాడు. నిదానం గారు ఆ మెట్ల కిందే నిలబడి ఉన్నాడు.

"సాయంత్రం మా ఇంటికి రండి," అంటున్నాడు. "నేనూ రెండు గ్లాసులు కడిగి చాలా కాలమైంది."